నదీన్ లైటర్

"తెనావా దిబ్బ ఇవాళ నీటిపైన ఉంది. వచ్చే వారం కూడా ఉండాలి. అదే నీ పని," అన్నాడు చీఫ్ బౌరో.

రాజధాని తరావాలోని గూఢచారి ఆఫీసులో ఫ్యాను తిరగడం లేదు. ఏజెంట్ కైటు మ్యాప్ చూశాడు. పగడపు దిబ్బ, కొన్ని కొబ్బరిచెట్లు. దేశపు సముద్రపు హద్దును అక్కడినుంచే కొలుస్తారు. దిబ్బ పోతే హద్దు వెనక్కి జరుగుతుంది, ట్యూనా చేప విదేశీ ఓడల పాలవుతుంది. ఆ ఓడల ముఠా దిబ్బను పేల్చి, నేరాన్ని యుద్ధంలో జపాన్ వాళ్లు వదిలిపోయిన బాంబుల మీదికి నెట్టాలని చూస్తోంది. నాలుగు పెట్టెల పేలుడు మందు ఆ పక్కకు చేరినట్టు సమాచారం. పక్క దీవిలో ఆఫీసు మనిషి నదీన్ ఉంది, వాతావరణ పరిశోధకురాలి వేషంలో.

కైటుకు వాచీ కెమెరా, పెన్ను రేడియో, సంకెళ్లు ఇచ్చారు. పంపింది ఆ పక్క దీవికే, అది అతని సొంత దీవి. తప్పు అక్కడ జరిగింది.

బుబుసి అంటే బుబుసే. చుట్టం నలుగురిలో ఏదైనా అడిగితే లేదనకూడదు, అది దీవి ఆచారం. మధ్యాహ్నానికల్లా వాచీ మామ బ్వెరే చేతికెక్కింది. పెన్ను అత్త కొప్పులోకి పోయింది. సంకెళ్లతో మామ తన పందిని చెట్టుకు కట్టేశాడు.

"గవర్నమెంటు ఇంకేం ఇచ్చింది అల్లుడూ?" అన్నాడు మామ.

"ఏమీ మిగల్లేదు మామా."

ఊరి సభాశాల మనెయబలో, కప్పు కింద అందరూ చాపల మీద కూర్చున్నారు. నదీన్‌కు వీడ్కోలు విందు. ఎర్ర గౌను, చేతిలో వెండి లైటర్.

"ఎండుచేప ఉందా?" అన్నాడు కైటు.

"ఉప్పు తక్కువైంది," అంది నదీన్. కోడ్ సరిపోయింది.

అప్పుడు మామ ఆమె గొప్పలు మొదలుపెట్టాడు. తను కూతురిగా చేసుకున్న పిల్ల. తన పడవ అడిగి తీసుకుని నాలుగు పెట్టెల వాన కొలిచే మిషన్లు దిబ్బకు చేర్చింది. మామ కొడుకులు ఇప్పుడు అక్కడే కొబ్బరి ఎండబెడుతున్నారు.

నాలుగు పెట్టెలు. నదీన్ రెండు వైపులా జీతం తీసుకుంటోంది. విందులో ఒక్క సిగరెట్టూ ముట్టని మనిషికి లైటర్ ఎందుకో కైటుకు అర్థమైంది. అది దిబ్బ మీది మందును పేల్చే రిమోట్. పడవెక్కి నొక్కుతుంది. పట్టుకోబోతే ఇక్కడే నొక్కుతుంది. రేడియో అత్త కొప్పులో ఉంది.

నదీన్ లేచింది. కైటు గొంతు పెంచాడు.

"మరదలా, ఆ లైటర్ నాకివ్వు. అడుగుతున్నాను."

అందరి తలలూ నదీన్ వైపు తిరిగాయి. కాదంటే ఆచారం తప్పిందని మామ పడవ ఇవ్వడు. నొక్కితే ఈ జనం మధ్య చిక్కుతుంది. నదీన్ నవ్వి ఇచ్చింది. ఆమెకూ ఆచారం తెలుసు. వెంటనే తిరిగి అడగడానికి నోరు తెరిచింది.

మామ ముందు అడిగాడు. "అల్లుడూ, అదిలా ఇయ్యి."

కైటు గోటితో అడుగు మూత తీసి, బ్యాటరీ గుప్పిట్లోకి రాల్చుకుని, లైటర్ ఇచ్చాడు. మామ చుట్ట నోట్లో పెట్టుకుని నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"వెలగదేంట్రా ఇది?"

"వెలగదు మామా. ఇప్పుడు నేనడుగుతున్నా. నా సంకెళ్లు కావాలి."

"మరి పంది?"

కైటు పందిని విప్పి, ఆ సంకెళ్లు నదీన్ చేతులకు వేశాడు. సాయంత్రం అత్తను అడిగి పెన్ను తీసుకుని ఆఫీసుకు రిపోర్టు పంపాడు: దిబ్బ క్షేమం. మనుషులు క్షేమం. ఒకరు అరెస్టు. ఒక పంది పరారీలో ఉంది.