ఇల్లరికం క్లాజు

లండన్ మొదలు సింగపూర్ వరకు శాఖోపశాఖలుగా విస్తరించి, పరుల వ్యాపార రహస్యాలను కాపాడడమే పరమధర్మంగా వర్ధిల్లుతున్న ఒకానొక మహా న్యాయసంస్థ, 2006 మే నెలలో తన యువ వకీలు అజయ్‌ను బేతంచెర్ల మీదికి దండయాత్రకు పంపింది.

నల్లకోటుతో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ గేటు దాటిన ఆ వీరుడు, రాతిపొడి ధాటికి గుమ్మం చేరేలోపే తెల్లకోటు వాడయ్యాడు.

“ఏమప్పా, సున్నం కొట్టేకి వచ్చినావా?” అంది ఆఫీసులో కూర్చున్న యజమాని కూతురు పద్మప్రియ.

“నేను లాయర్నండీ!”

“అయితే దులుపుకోండి సార్. నిజం బయట పడల్ల కదా.”

ఆమె తండ్రి నాగసుబ్బయ్య తన నాపరాళ్లకు పట్టించే మెరుపులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆ మెరుపు కిటుకును కొనదలచిన విదేశీ కంపెనీ ఒకే షరతు విధించింది: రహస్యం ఇల్లు దాటే సందు ఉండరాదు. సందులు వెదకడమే అజయ్ రాచకార్యం.

వెదికాడు. పాలిష్ పొడి కలిపే గదికి నాలుగు వైపులా గోడలు, ఒకే తలుపు. దాని తాళంచెవి నాగసుబ్బయ్య మొలతాడుకు. వకీలు చూపులు మాత్రం మాటిమాటికీ ఆఫీసు గదిలోకి అక్రమంగా చొరబడ్డాయి. అక్కడి చూపులు అభ్యంతరం చెప్పలేదు.

మధ్యాహ్నం రైలుకు సంచి భుజాన వేసుకుంటూ, “ఈ కిటుకు మీకు తప్ప ఎవరికీ తెలియదు కదండీ?” అని ఆఖరి ప్రశ్న వేశాడు.

“దేవుని తోడు, ఎవురికీ తెల్దప్పా.”

“నాకు తెల్సు,” అంది పద్మప్రియ తాపీగా. “గది కిటికీలోంచి చూసినా, నాయనా.”

నాగసుబ్బయ్య కూలబడ్డాడు. “ఓయమ్మా! కడప సంబంధం వాల్లు ఎల్లుండే వస్తాండారే! వాల్లదీ పాలిష్ ఫ్యాక్టరీనే!”

అజయ్ సంచి దించాడు. రైలు కూత పెట్టి వెళ్లిపోయింది.

“రహస్యం తెలిసిన మనిషి ఇల్లు దాటరాదండీ. ఇల్లరికమే శరణ్యం.”

“ఇల్లరికమొచ్చే మగోడు యాడ దొరుకుతాడప్పా?”

అజయ్ నోట హైదరాబాదు తెలుగు జారిపోయి, సీమ యాస బయటపడింది. “మాది మైదుకూరు. పసుపు వ్యాపారం. అన్నదమ్ములం శానా మందిమి. నేనొక్కన్ని తక్కువైతే మా నాయన కనుక్కోను గూడా కనుక్కోడు!”

అజయ్ ఒప్పందంలో చేర్చిన కొత్త క్లాజు అందగానే లండన్ నుంచి ఫోన్ వచ్చింది: ఇల్లరికం అంటే ఏమిటి?

“అల్లుడు అత్తవారింట శాశ్వతంగా డిపాజిట్ కావడం. ఆ అల్లుడు నేనే. ఫైలు వేరొకరికి అప్పగించండి.”

గోప్యత కోసం ఇంతటి ఆత్మార్పణ తమ చరిత్రలో లేదని దొరలు ఈమెయిల్లో ఆశీర్వదించారు.

తాంబూలాలు పుచ్చుకున్న సాయంత్రం, వాన, సీమ మర్యాద తప్పకుండా, నాలుగు చినుకులతో సరిపెట్టింది.

“ఇప్పుడన్నా చెప్పు, ఆ పొడిలో ఏం కలుపుతారు?” అన్నాడు అజయ్.

“నాకేం తెల్సు? ఆ గదికి కిటికీనే లేదు. సందులన్నీ వెదికిన లాయరువు, నీకు తెల్దా?”

“ఆ పొద్దే తెల్సు.”

“మరి చెప్పలేదే?”

“వ్యాపార రహస్యం.”

పద్మప్రియ పకపకా నవ్వి, చటుక్కున ఆగిపోయింది. “అవునూ... ఆ గది కట్టించింది నాయనే కదా!”

ఇద్దరూ వెనుదిరిగారు. తాంబూలం నములుతూ నాగసుబ్బయ్య, గోడకు ఆనించిన నాపరాతిలో మీసం దువ్వుకుంటున్నాడు. ఆ మహత్తర మెరుపులో ఆయన ముసిముసి నవ్వు ఏ మరకా లేకుండా కనిపించింది.