ప్రకాష్ ఇంటికి కొత్తవాళ్లు

పద్మజ తమ్ముడికి గెడ్డం గీస్తుండగా అన్న పరంజ్యోతి విజయనగరం నుంచి దిగాడు. తమ్ముడు ప్రకాష్‌కి నలభై దాటాయి. పుట్టుకనుంచీ బుద్ధి ఎదుగుదల తక్కువ, మాట కొద్దిగా వస్తుంది. స్నానం, బట్టలు మరొకరు చూడాలి. ఇన్నాళ్లూ అన్నీ తల్లి జ్ఞానసుందరే చూసింది. తుంటి ఎముక విరిగాక ఆవిడకే ఒక మనిషి కావలసి వచ్చి, శ్రీకాకుళంలో టీచరైన పద్మజ ఆ ఊళ్లోనే ఉన్న పుట్టింటికి వచ్చి ఉంటోంది.

టీ తాగి పరంజ్యోతి విషయానికి వచ్చాడు. విశాఖలో ఇలాంటివాళ్లను జీవితాంతం చూసుకునే హోమ్‌లో ఒక చోటు ఖాళీ అయిందట. నాన్న కట్టిన ఈ ఇల్లు అమ్మి బ్యాంకులో వేస్తే వడ్డీతో ఫీజు గడిచిపోతుందన్నాడు. తమ్ముణ్ణి వదిలించుకోవాలనుకునే మనిషి కాడతను. అది తెలుసు కనుకే పద్మజకు ఎదురు చెప్పడం కష్టమైంది. జ్ఞానసుందరి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చర్చి ఆవరణలో ప్రకాష్ వెళ్లే శిక్షణ తరగతికి మరో ముగ్గురు వస్తారు. వాళ్ల ఇళ్లలోనూ ఇదే బెంగ. ఇల్లు ట్రస్టు పేర రాసి నలుగురినీ ఇక్కడే ఉంచుదామంది పద్మజ. ఇంటికి వీధివైపున్న షాపుల అద్దె, వాళ్ల పెన్షన్లు, ఎవరి శక్తికొద్దీ వారు వేసుకునేది కలిపితే రాత్రీపగలూ ఉండే ఆయాలకు జీతాలివ్వొచ్చు. నౌపడ ఉప్పుమళ్లలో కూలికెళ్లే అసిరయ్య కూడా, ఆ ముగ్గురిలో ఒకతైన కూతురు శ్రావణి కోసం తనకు చేతనైంది ఇస్తానని అప్పటికే అన్నాడు.

"నీ తరవాత ఎవలు నడుపుతారే? మూతపడిపోతే ఈడేటైపోతాడు?" అన్నాడు పరంజ్యోతి.

"ఆ హోమ్ మూతపడితే ఏటి సేస్తావన్నయ్యా? అక్కడ అడగడానికి మనమొక్కలమే. ఇక్కడ నాలుగిళ్లోళ్లం కాసుకుంటాం."

అతను తమ్ముడివైపు తిరిగాడు. "నువ్వు సెప్పరా. కొత్తింటికి ఎల్తావా?"

"నానెల్లను," అన్నాడు ప్రకాష్. "ఇది నా ఇల్లు. ఆల్లనే రమ్మను."

ఆ ఇంట్లో ఏ నిర్ణయానికీ అంతవరకూ అతన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పరంజ్యోతి కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తరవాత తన వాటా ట్రస్టుకు రాసిచ్చి, మిగతా కుటుంబాలతో కూర్చుని తరవాతి తరాల్లో ఎవరూ ఇల్లు అమ్మే వీలులేకుండా షరతులు పెట్టించిందీ అతనే.

అందరూ చేరిన రోజున శ్రావణి గుమ్మంలో తండ్రి చెయ్యి వదల్లేదు. ఎంత బతిమాలినా కదల్లేదు. అప్పుడు ప్రకాష్ లోపలినుంచి మెల్లగా నడిచి వచ్చాడు.

"రా సెల్లీ. మా ఇంట్లో బయం నేదు."

ఆ అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసి, అతని వెనకే లోపలికి నడిచింది. అసిరయ్య గుమ్మంలోనే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

జ్ఞానసుందరి పద్మజ చెయ్యి పట్టుకుంది. ముఖమంతా నవ్వు, చెంపలమీద నీళ్లు.

"నాను పోతే ఈడికి దిక్కెవలని ఏడ్సీదాన్నే," అంది. "సూడు, ఈడే ఇంటికి పెద్దయ్యాడు."