బాద్షా కడుపులో క్యాప్సూల్

తూటా తగిలే సమయానికి డాక్టర్ చలపతి కుడిచెయ్యి మోచేతి దాకా చచ్చిన దున్న కడుపులో ఉంది.

సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఒక్కటే తూటా, చెవి వెనక. ఆయన ఆ దున్న మీదికే ఒరిగిపోయాడు. చంపినవాళ్ళు ఆయన గుప్పిట విప్పి, రక్తంతో జారుతున్న స్టీలు క్యాప్సూల్‌ను తీసుకుని వెళ్ళిపోయారు. అంతకు కాస్త ముందే ఆయన దాని ఫొటో, తను కనిపెట్టిన వివరాలు ఢిల్లీకి పంపాడన్న సంగతి వాళ్ళకు తెలియదు.

ఆ ఫొటో చూసిన స్వరాజ్యం మరో కాఫీ తెప్పించుకోకుండానే తిరుమలకు ఫోన్ చేసింది. ఆమె గూఢచారి సెక్షన్ చీఫ్. అతను ఏజెంట్. ఆమె సంతాపాలతో మొదలుపెట్టే మనిషి కాదు.

పాలు దండగని పాడివాళ్ళు మగదూడలను మాడ్చి చంపేస్తారు. చలపతి పనిచేసిన, సూరత్ పక్కనున్న ఇచ్ఛాపూర్ ఫామ్‌లో ఆ దూడలనే తెచ్చి మాంసం దున్నలుగా పెంచుతున్నారు. చెవికి చిప్. కడుపులో సెన్సర్ క్యాప్సూల్. ఒంటి వేడి, నెమరు, నీళ్ళు తాగిన లెక్క అన్నీ కంప్యూటర్‌కు చేరతాయి. గేటు దాటుతుంటే తూకం దానంతటదే పడుతుంది, ఏ దున్నకు ఎంత దాణా వెయ్యాలో మిషనే చెబుతుంది. ఎముకల గూళ్ళలా వచ్చిన దూడలు ఏడాది తిరిగేసరికి కొండల్లా తయారయ్యాయి. అది కొందరు విదేశీ మాంసం వ్యాపారులకు గిట్టలేదు. వాళ్ళు పోషిస్తున్న ముఠా పేరు బ్లాక్ హార్న్.

"సెన్సర్లలో వాళ్ళ క్యాప్సూళ్ళు కలిపేశారు," అంది స్వరాజ్యం. "లోపల పశువులకొచ్చే గాలికుంటు జబ్బు వైరస్. కొత్త రకం, టీకా లేదు. సిగ్నల్ అందితే మూత తెరుచుకుంటుంది. దున్న నెమరు వేయగానే వైరస్ నోట్లోకి వస్తుంది. రేపు పొద్దున విదేశీ ఇన్‌స్పెక్టర్లు నోటి నురగ శాంపిల్ తీసేది అప్పుడే."

"నేను ఆపలేకపోతే?"

"సూరత్ చుట్టూ ఉన్న ప్రతి గొడ్డునూ కాల్చి పూడ్చాలి. ఆర్డర్ టైపు చేసి పెట్టుకున్నాను తిరుమలా. సంతకం పెట్టించకు."

ఆ సాయంత్రమే చింపిరి బనీను, మాసిన గడ్డంతో తిరుమల ఇచ్ఛాపూర్‌లో దిగాడు. చేతికర్ర మొనలో మత్తు సూది, దవడపన్ను వెనక ట్రాన్స్‌మిటర్. సెక్షన్ మనుషులు ఏర్పాటు చేసిన బస వెంకటవ్వ ఇల్లు. జగిత్యాల వైపు నుంచి భర్తతో మిల్లు పనికి వచ్చి, భర్త పోయాక ఫామ్‌లో దాణా పనికి కుదిరింది. గుడిసె వెనక రెండు పాడిబర్రెలు కట్టుకుంది. వాటి పాలే ఆమె బతుకు. వచ్చినవాడు కూలికోసం తిరిగే మనవాడేనని ఆమె నమ్మకం.

"గింత సన్న చేతులేంది కొడుకా," అంటూ అతన్ని ఎగాదిగా చూసింది. "గీ దున్నలు గడ్డి ఇడిసిపెట్టి నిన్నే మేస్తయి."

తెల్లారి ఆమె వెంట షెడ్డుకు వెళ్ళాడు. గుమ్మంలో ముదురు వంకాయరంగు మందునీళ్ళ తొట్టి ఉంది. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ అందులో కాళ్ళు ముంచాల్సిందే. ఆ నీళ్ళ మరక ఆరాక గోధుమరంగుకు తిరిగి వారంపాటు వదలదు. ఫామ్ దాణా అంతా సూరత్‌లోని లింబాయత్ మగ్గాల షెడ్ల నుంచి చవగ్గా కొన్న గోనెసంచుల్లో వస్తుంది. వాటిలో విరిగిన సూదులు, తీగముక్కలు ఉంటాయి. అవి గుండెకు గుచ్చుకుని దున్నలు చావకుండా ఇక్కడ ప్రతి దున్న చేతా బొటనవేలంత అయస్కాంతం మింగిస్తారు. ఇనుమంతా దానికి అంటుకుని కడుపులోనే పడి ఉంటుంది. నిన్న లారీలో దిగిన పెద్ద దున్న బాద్షాకు మాత్రం ఇంకా వెయ్యలేదనీ, బడలిక తీరాక వేద్దామని ఆపారనీ వెంకటవ్వ చెప్పింది. డాక్టరమ్మ పంపిన సెన్సర్ ఒక్కటే వేశారట.

ఆ డాక్టరమ్మ మౌక్తిక. తెల్ల చెప్పులు, తెల్ల చుడీదార్, నల్లకళ్ళద్దాలు. ఆమె నడిచి వెళ్తే కూలీలు పారలు ఆపి చూస్తారు. సెన్సర్లు అమ్మిన కంపెనీకి ఆమె సలహాదారు. బ్లాక్ హార్న్ మనిషిగా ఉంటూ సెక్షన్‌కు కబుర్లు అందించే డబుల్ ఏజెంట్ కూడా.

ఆఫీసు వరండాలో అతని పక్కగా ఆగి, ఎటో చూస్తూ అడిగింది. "ఇక్కడ టిఫిన్‌కి పెట్టే లోచో మీద వెన్న వేస్తారా?"

"నూనె మాత్రమే, మేడమ్."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. చలపతిని చంపింది ఓంకార్ అనే ముఠా మనిషి అని, సిగ్నల్ పంపే రిమోట్ అతని దగ్గరే ఉందని, పంపుహౌస్‌లో కాచుకుని ఉన్నాడని చెప్పింది. తను ఆ షెడ్డులో ఇంతవరకూ అడుగే పెట్టలేదని, వాసన పడదని ముక్కు చిట్లించింది.

తిరుమల తల ఊపాడు. ఆమె తెల్లచెప్పుల అంచున సన్నగా గోధుమరంగు గీత ఉంది. అతను పంపుహౌస్ వైపు నడిచాడు.

పంపుహౌస్‌లో ఓంకార్ నిజంగానే ఉన్నాడు, తలుపు వెనక, కత్తితో. మొదటి పోటు తిరుమల పక్కటెముకల మీద చర్మాన్ని చీల్చుకుంటూ పోయింది. రెండోదాన్ని కర్రతో ఆపాడు. కర్ర విరిగింది. ఓంకార్ అతని గొంతు పట్టి గోడకేసి కొట్టాడు. కళ్ళముందు చీకట్లు కమ్ముతుంటే తిరుమల చేతికందిన మొనవైపు ముక్కను ఎదుటివాడి మెడలోకి దింపాడు. మొనలో ఉన్నది దున్నను పడగొట్టే మోతాదు. ఓంకార్ మోకాళ్ళ మీద కూలి, నీళ్ళతొట్టి అంచుకు తల బద్దలుగొట్టుకుని మళ్ళీ లేవలేదు.

జేబులో రిమోట్ లేదు. అక్కడున్న చిన్న డబ్బాలో ఒక క్యాప్సూల్ మాత్రం ఉంది, దానికి అంటుకుని చిన్న అయస్కాంతం. తిరుమల అయస్కాంతం పీకాడు. క్యాప్సూల్ కొసన పచ్చలైటు వెలిగింది. మళ్ళీ అంటించాడు. ఆరిపోయింది.

అయస్కాంతం దగ్గరుంటే నిద్ర. దూరమైతే మెలకువ.

రక్తం కారుతున్నా అతనికి నవ్వొచ్చింది. ఏ దూరదేశపు లాబ్‌లోనో కూర్చుని వీటిని తయారుచేసిన మేధావులకు సూరత్ గోనెసంచుల సంగతి తెలియదు. ఈ ఫామ్‌లో ప్రతి దున్న కడుపులోనూ అయస్కాంతం ఉంది. మింగిన క్యాప్సూళ్ళన్నీ దానికి అతుక్కుని నిద్రపోతున్నాయి.

ఒక్క బాద్షా కడుపులో తప్ప.

బయట కార్ల హారన్లు. ఇన్‌స్పెక్టర్లు వచ్చేశారు. ఆఫీసులో ప్లాస్టిక్ సూట్లు తొడుక్కుంటున్నారు. తిరుమల షెడ్డు వైపు పరుగెత్తాడు.

బాద్షా ఇనపబోనులో నిలబడి ఉంది. మందుబిళ్ళలు మింగించే గన్ కనబడలేదు. అతను షెడ్డు అరలోంచి బొటనవేలంత అయస్కాంతం ఒకటి తీసి గుప్పిట్లో పెట్టుకుని, మరో చేత్తో దున్న నాలుక పక్కకు లాగి, చెయ్యి గొంతులోకి తోశాడు. దవడలు మూసుకున్నాయి. మోచేతి కింద ఎముక పటుక్కుమంది. అతను పళ్ళబిగువున అరుపు మింగి, నాలుక మొదలు దాటేదాకా నెట్టి గుప్పిట విప్పాడు. దున్న గుటక వేసింది.

"ఓంకార్ పోయాడన్నమాట," అంది వెనక నుంచి మౌక్తిక. ఎడమచేతికి వాచీ, కుడిచేతిలో సైలెన్సర్ పిస్టల్. "చలపతి కూడా ఇలాగే దున్న లోపల చెయ్యి పెట్టి దొరికాడు. మీకందరికీ ఇదేం పిచ్చి?"

రిమోట్ ఆ వాచీలోనే ఉంది. ఆమె దాన్ని నొక్కింది. తెర వైపు చూసింది. ఇంకోసారి నొక్కింది. ఏ దున్న నుంచీ జవాబు లేదు. అంత అందమైన మొహం అంత తొందరగా పాలిపోవడం తిరుమల ఎప్పుడూ చూడలేదు.

"అన్నీ పండుకున్నయ్ మేడమ్," అన్నాడు. "జర మెల్లగ మాట్లాడుండ్రి."

ఆమె కాల్చింది. తూటా అతని భుజాన్ని చీల్చి బాద్షా మూపును గీరుకుంటూ పోయింది. దున్న ఒక్కసారి రంకె వేసింది. తిరుమల చెయ్యి దాని దవడల్లోంచి బయటికి వచ్చింది. తూలి పడబోతూ అతను బోను గడియకు వేలాడాడు. గడియ లేచిపోయింది. వెయ్యి కిలోలకు దగ్గరగా ఉన్న కండ ముందుకు దూకింది. మౌక్తిక మరో తూటా పేల్చింది, దున్న దాన్ని లక్ష్యపెట్టలేదు. ఆమెను కొమ్ములతో ఎత్తి ఇనప కమ్మీలకేసి అదిమింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. తరవాత కింద పడేసి తొక్కుకుంటూ మడుగు వైపు పోయింది.

షెడ్డులో మిగతా దున్నలు నెమరు వేస్తున్నాయి.

వెంకటవ్వ పరుగున వచ్చి, తన కొంగు చింపి అతని భుజానికి కట్టింది. ఏం జరిగిందో అడగలేదు. తన బర్రెలకు ఏమీ కాలేదు కదా అని మాత్రం అడిగింది. ఏమీ కాలేదని, ఇక కాదని చెప్పాడు. సెక్షన్ మనుషులు శవాలను దాణా లారీలో ఎక్కించి వెనక గేటు నుంచి దాటించేసరికి ఇన్‌స్పెక్టర్లు షెడ్డు గుమ్మం తొట్టిలో కాళ్ళు ముంచుతూ, రక్తం ఓడుతున్న కూలీ వైపు వింతగా చూస్తున్నారు.

శాంపిల్స్ అన్నీ శుభ్రంగా వచ్చాయి. స్వరాజ్యం టైపు చేసిన ఆర్డర్‌ను చింపేసింది. ఆస్పత్రి మంచం మీద, పిండికట్టు వేసిన చేత్తో పడుకున్న తిరుమలకు ఇన్‌స్పెక్టర్ల రిపోర్టులో చివరి వాక్యం ఫోన్లో చదివి వినిపించింది.

"పశువుల ఆరోగ్యం చాలా బాగుంది. కూలీల ఆరోగ్యం మీద కూడా యాజమాన్యం కాస్త శ్రద్ధ పెడితే మంచిది."