చెయ్యి చూపిస్తే దాటిపో

డర్బన్ రేవులో తమ మనిషిని కాల్చేశారన్న కబురు వచ్చేసరికి ఏజెంట్ మొత్సుమి నడుముకి వేడినీళ్ల సంచి పెట్టుకుని బోర్లా పడుకుని ఉన్నాడు. వెంటనే ప్రిటోరియా ఆఫీసుకి రమ్మన్నారు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఈసారైనా తనకంటే చిన్నవాణ్ణి ఎవరినైనా పంపుతారేమోనని ఆశపడ్డాడు. యాభై ఏడేళ్లు వచ్చినా ఆశకి మాత్రం సిగ్గు రాలేదు.

చీఫ్ మేడమ్ ఫలాత్సే కూర్చోమనలేదు. ఆవిడ గదిలో ఎవరూ కూర్చోరు.

"ఇల్సే వాన్ గ్రాన్," అంది.

మొత్సుమికి ఉన్న కాస్త నిద్రమత్తూ వదిలింది.

"శాంతి చర్చలకి వచ్చిన రాయబారికి ఆదివారం మధ్యాహ్నం విందు. ఆయన బాడీగార్డుల్లో ఒకడు రైమర్ మనిషి. భోజనాల దగ్గర కాల్చేస్తాడు. వాడెవడో మనకి తెలీదు. ఇల్సేకి తెలుసు."

"విందు మానుకోమని చెప్పండి."

"చెప్పాం. మానుకుంటే చర్చలు పోతాయట. రైమర్‌కి కావల్సిందీ అదే."

"మరి ఇల్సేని చెప్పమనండి."

"బయటపడ్డాకే చెప్తుందట. అదీ నువ్వొస్తేనే బయటికొస్తుందట. ఆ అమ్మాయికి నువ్వేం చేశావయ్యా?"

ఏం చేశాడో మొత్సుమికి తెలుసు. తొమ్మిదేళ్ల కిందట ఇల్సే రేసుల్లో కప్పులు గెలుస్తూ, పత్రికల అట్టల మీద నవ్వుతూ ఉండేది. రైమర్ ముఠాలో ఆమెని గూఢచారిగా చేర్పించింది తనే. ముప్పై ఏళ్ల కిందట పరాయి దేశం నుంచి వచ్చి, ఇంజిన్ ఆయిల్ వ్యాపారం పెట్టుకుని, విట్‌పాన్ మోటార్ క్లబ్‌కి అధ్యక్షుడై కూర్చున్న, పైకి పెద్దమనిషి రైమర్. రెండేళ్లు చాలన్నాడు మొత్సుమి. తర్వాత ప్రతి ఏడూ, వచ్చే ఏడు చూద్దామన్నాడు. కొన్నాళ్లకి ఆమె తనని బయటికి తియ్యమని అడగడం మానేసింది. అడిగినప్పటికంటే మానేశాకే అతనికి ఎక్కువ బాధ కలిగింది.

"డర్బన్‌లో పోయినవాడే ఆమె కబుర్లు మనకి మోసేవాడు. ఆమె ఫోన్ వింటున్నారు. ఇంటి ముందు మనిషి ఉన్నాడు," అంది చీఫ్. "ఒంటరిగా మాట్లాడే చోటు ఒక్కటే. విట్‌పాన్ ట్రాక్ మీద కొత్తవాళ్లకి కారు వేగంగా నడపడం నేర్పుతుంది. శిష్యుడు నడుపుతాడు, తను పక్క సీట్లో ఉంటుంది. ఇద్దరికీ హెల్మెట్లు, మధ్యలో మాట్లాడుకునే వైరు. మూడోవాడికి ముక్క వినపడదు."

"మేడమ్, నేను సందు మలుపులోనే హారన్ కొట్టి ఆగుతాను."

"అందుకే కొత్తవాళ్ల బ్యాచ్‌లో వేశాం. నువ్వు పళ్ల డాక్టర్‌వి. పుట్టినరోజుకి మీ ఆవిడ ఈ సరదా కానుకగా ఇచ్చింది."

"మా ఆవిడ వెళ్లిపోయి ఆరేళ్లయింది."

"మంచిది. కాదనే మనిషి లేదు," అంది చీఫ్.

వారం రోజులు ప్రిపరేషన్. ఆఫీసు గ్యారేజీలో ఒక పాత హ్యాచ్‌బ్యాక్ ఇచ్చారు. గాడ్జెట్ల మనిషి ఫిరి దాన్ని చూసి ముచ్చటపడిపోయాడు. కాలి కింద చాప తీసి అందులో ట్రాన్స్‌మిటర్ కుట్టాడు. థర్మాస్ అడుగున పిస్టల్ దాచాడు. కళ్లద్దాల పెట్టెలో కెమెరా పెట్టాడు.

"ఇవన్నీ సరే, బ్రేక్ ఆయిల్ మార్చావా?" అన్నాడు మొత్సుమి, క్లబ్ వాళ్లు పంపిన సూచనలు చదువుతూ.

"ఏంటన్నా, థర్మాస్‌లో పిస్టల్ పెట్టి ఇస్తే బ్రేక్ ఆయిల్ అడుగుతావు?"

"పాత ఆయిల్ ట్రాక్ మీద మరిగిపోతుందట. అప్పుడు పెడల్ తొక్కితే నేల తగులుతుందట. నేను బులెట్‌తో పోయినా పర్లేదు కానీ గోడకి గుద్దుకుని పోతే నవ్వుతారు. మార్చు."

ఫిరి ముఖం మాడ్చుకుని మార్చాడు. బ్రేక్ ప్యాడ్లు కొత్తవి వేశారు. టైర్లలో గాలి చూశారు. చక్రాల నట్లు కొలత పానాతో బిగిస్తే నడుము పట్టేసి మొత్సుమి గ్యారేజీ గచ్చు మీదే కాసేపు పడుకున్నాడు. హెల్మెట్ పెట్టుకుంటే కళ్లద్దాలు పట్టవు, కళ్లద్దాలు పెట్టుకుంటే హెల్మెట్ దిగదు. ముందు హెల్మెట్, తర్వాత కళ్లద్దాల కాడలు రెండు పక్కల నుంచీ దూర్చాలని తెలుసుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది. పొడుగు చేతుల నూలు చొక్కా, పల్చటి అడుగున్న బూట్లు సిద్ధం చేసుకున్నాడు. ముందు రోజు నీళ్లు బాగా తాగమన్నారు. తాగాడు. దానివల్ల నిద్ర కూడా పోయింది.

ఆదివారం పొద్దున విట్‌పాన్‌లో ఎండిన గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. కార్ల వాళ్లు చేతులు రుద్దుకుంటూ తలుపుల మీద టేపుతో నంబర్లు అంటించుకుంటున్నారు. పార్కింగ్ గేటు పక్కన బొగ్గుల మీద సాసేజ్‌లు కాలుస్తున్న ఇద్దరూ చీఫ్ మనుషులే. పేరు చేతికొచ్చేదాకా రైమర్‌ని ముట్టుకోవద్దని వాళ్లకి ఆర్డర్. రైమర్ దొరికాడని తెలిస్తే బాడీగార్డు విందుదాకా ఆగడు.

కార్లు తనిఖీ చేసే ఊమ్ సారెల్ బిల్టాంగ్ ఎండుమాంసం ముక్క నములుతూ వచ్చాడు. బానెట్ ఎత్తి చూశాడు, చక్రాలు ఊపి చూశాడు. తర్వాత తలుపు తీశాడు.

"డాక్టరు గారూ, ఇదేంటి, సంసారం మొత్తం కారులోనే పెట్టారా? వదులుగా ఉన్నది ఏదీ లోపల ఉండకూడదు. మలుపులో ఎగిరొచ్చి మూతి పగలగొడుతుంది. చాప తియ్యండి. పెడల్ కిందికి జారుతుంది."

"చాప బాగా బిగుతుగానే ఉందండీ."

"నేను పన్ను పీకనివ్వకపోతే మీరు ఊరుకుంటారా? తియ్యండి. ఆ థర్మాస్ కూడా."

చాప, థర్మాస్, కళ్లద్దాల పెట్టె, అన్నీ అందరిలాగే ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్లాయి. డబ్బా పార్కింగ్ స్థలంలో నేల మీద ఉండిపోయింది. దేశం ఖర్చుతో తయారైన సరంజామా అంతా పోగా మొత్సుమికి మిగిలినవి హెల్మెట్, కొత్త బ్రేక్ ఆయిల్. ఊమ్ సారెల్ పాస్ స్టిక్కర్ అంటించి, "ఇక్కడ వెనక దంతం ఒకటి జివ్వుమంటోంది, కాస్త చూస్తారా?" అని నోరు తెరిచాడు. మొత్సుమి గంభీరంగా లోపలికి చూసి, తీపి తగ్గించమన్నాడు.

డ్రైవర్ల బ్రీఫింగ్ రైమరే ఇచ్చాడు. నెరిసిన జుట్టు నున్నగా దువ్వుకుని, తాతగారు మనవలతో మాట్లాడినంత మెత్తగా మాట్లాడాడు.

"కొత్తవాళ్లు ఒక్కటే గుర్తుపెట్టుకోండి. ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూపిస్తేనే దాటాలి. చూపించకపోతే వాడి వెనకే ఉండాలి, వాడు నత్త అయినా సరే. చెయ్యి కనపడిందా, ఇక ఆలోచించొద్దు. యాక్సిలరేటర్ తొక్కు, పో. ఆలోచిస్తూ సగంలో ఆగావంటే ఇద్దరూ పోతారు. నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఒక్కసారి కూడా చెయ్యి లేకుండా దాటలేదు."

మనుషుల్ని చంపించేవాడికి ఇంత పద్ధతి ఎందుకో మొత్సుమికి అర్థం కాలేదు. ఆవులింత ఆపుకున్నాడు.

కొత్తవాళ్ల వంతు వచ్చేసరికి మధ్యాహ్నం కావొచ్చింది. పక్క సీట్లోకి ఇల్సే వచ్చి కూర్చుంది. ఎర్రటి స్కార్ఫ్, అదే ఠీవి. పార్కింగ్‌లో సగం మంది తలలు ఇటే తిరిగాయి. హెల్మెట్ పెట్టుకుంటే కళ్లు మాత్రం కనిపించాయి. వాటి కింద నిద్రలేని నల్లటి చారలు.

"డాక్టర్, నా పన్నొకటి తొమ్మిదేళ్లుగా నొప్పి పెడుతోంది," అంది వైరులో. అది కోడ్ వాక్యం.

"ఇవాళ తీసేద్దాం," అన్నాడు మొత్సుమి. అదీ కోడ్ వాక్యమే.

జెండా ఊపారు. ట్రాక్ మీదికి వెళ్లారు.

"వెనక స్ట్రెయిట్, ఆ తిన్నటి రోడ్డు చివర, ఎడం పక్కన సర్వీస్ గేటు," అన్నాడు మొత్సుమి. "ఫిరి రికవరీ ట్రక్కు వేసుకుని ఉన్నాడు. ఆఖరి ల్యాప్‌లో అందరూ నెమ్మదిస్తారు కదా, అప్పుడు దూరిపోదాం."

"సరే. ముందు స్టీరింగ్‌ని గొంతు పిసికినట్టు పట్టుకోకు. చూపు దూరంగా పెట్టు. ఇంకా దూరం. బ్రేక్. గట్టిగా. ఇప్పుడు తిప్పు. ఒరే నాయనా, అంత కాదు."

"నన్ను తిట్టడానికే రమ్మన్నావా?"

"తొమ్మిదేళ్లది దాచుకున్నాను. కొంచెమైనా తిట్టనీ."

రెండు ల్యాప్‌లు అయ్యాయి. మూడో ల్యాప్ మొదట్లో అద్దంలో నల్లటి కారు కనిపించింది. నేలకి అంటుకుపోయినట్టున్న కారు, లైట్లు వెలుగుతున్నాయి. ఇల్సే అద్దం తన వైపు తిప్పుకుని చూసింది.

"రైమర్. కొత్తవాళ్ల సెషన్‌లోకి ఆయనెప్పుడూ రాడు," అంది నెమ్మదిగా. "నీ సామాను ఎక్కడ పెట్టావు?"

"డబ్బాలో."

"డబ్బాకి మూత ఉందా?"

మూత లేదు. రైమర్ మనిషి ఎవడో డబ్బా కెలికి ఉంటాడు. పళ్ల డాక్టరు థర్మాస్‌లో పిస్టల్ దొరికి ఉంటుంది. రైమర్ కారులో రేడియో ఉంటుంది. గేటులోకి తిరిగితే ఆ నల్ల కారూ వెనకే వస్తుంది. కార్లు ఆగే పిట్‌లోకి వెళ్తే అక్కడ అతని మనుషులు కాచుకుని ఉంటారు. ఆ కారుని మించి పరిగెత్తడం ఈ హ్యాచ్‌బ్యాక్ వల్ల కాదు.

"నన్ను పిట్ దగ్గర దింపెయ్," అంది ఇల్సే. గొంతులో భయం లేదు, అలసట మాత్రం ఉంది. "వాళ్లకి కావల్సింది నేను. నువ్వు ఏమీ తెలీనట్టు వెళ్లిపో. పేరు చెప్తాను, విను."

"చెప్పకు."

"మొత్సుమీ, రాయబారి చచ్చిపోతాడు."

"పేరు తెలిస్తే నిన్ను తీసుకెళ్లాల్సిన పని ఆఫీసుకి ఉండదు. నా ఆఫీసు నాకు తెలుసు. అంతకంటే ఎక్కువ నా సంగతి నాకు తెలుసు. ఈసారి కూడా అన్నీ సర్దుకుని, వచ్చే ఏడు చూద్దామంటాను. గేటు దాటాక చెప్పు."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వైరులో వినిపించింది.

వెనక స్ట్రెయిట్ వచ్చింది. నల్ల కారు బంపర్‌కి బంపర్ ఆనించేంత దగ్గరగా ఉంది. అయినా దాటడం లేదు. పక్కన బోలెడు చోటుంది, కారులో బోలెడు సత్తా ఉంది. అయినా దాటడం లేదు. పొద్దున ఆవులింత ఆపుకుంటూ విన్న మాట మొత్సుమికి అప్పుడు గుర్తొచ్చింది.

ఎడం పక్కన దూరంగా గేటు, దాని పక్కన పసుపు ట్రక్కు కనిపించాయి. మొత్సుమి కిటికీలోంచి కుడి చెయ్యి బయటపెట్టి, కుడి పక్క నుంచి పొమ్మని వేలు చూపించాడు.

"ఏం చేస్తున్నావు?" అంది ఇల్సే.

"మర్యాద."

వెనక ఇంజిన్ గర్జించింది. రైమర్ ఆలోచించలేదు. ముప్పై ఏళ్లుగా చెయ్యి కనపడగానే యాక్సిలరేటర్ తొక్కిన కాలు ఈసారీ తొక్కింది. నల్ల కారు సర్రున పక్కనుంచి దూసుకుపోయింది. పోతూ పోతూ రైమర్, ప్రతి మంచి డ్రైవరూ చేసినట్టే, థాంక్స్ చెప్తూ చెయ్యి ఊపాడు. తనేం చేశాడో అర్థమై ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అప్పటికి మలుపులో పడ్డాడు. ఆ ట్రాక్ మీద వెనక్కి తిరిగే దారి లేదు, మొత్తం చుట్టి రావాల్సిందే.

"బ్రేక్," అంది ఇల్సే. "ఉన్న బలమంతా పెట్టు."

మొత్సుమి తొక్కాడు. కొత్త ఆయిల్ పుణ్యమా అని పెడల్ రాయిలా నిలబడింది. కారు ముక్కు దించి, ఎడమకి తిరిగి, గేటులోకి దూరింది. వాళ్ల వెనకే ఫిరి ట్రక్కుని అడ్డంగా పెట్టేశాడు.

ఇల్సే హెల్మెట్ కూడా తియ్యకుండా పేరు చెప్పింది. ఫిరి రేడియోలో అందించాడు. ప్రిటోరియాలో సూప్ గిన్నె మూత తీస్తుండగా, రాయబారి కుర్చీ వెనక నిలబడి కోటు లోపలికి చెయ్యి పెట్టిన మనిషి మణికట్టుని ఇద్దరు వెయిటర్లు పట్టుకున్నారు. రాయబారికి ఏమీ తెలియలేదు. సూప్‌లో ఉప్పు తక్కువైందన్నాడట.

రైమర్ ల్యాప్ పూర్తి చేసుకుని వచ్చి, అడ్డంగా ఉన్న ట్రక్కుని చూసి, నెమ్మదించాడు. చేసేదేమీ లేక పిట్ దారి పట్టాడు. లోపలికి తిరిగేముందు నియమం ప్రకారం చెయ్యి పైకెత్తాడు. కారు ఆగగానే సాసేజ్‌లు కాల్చే ఇద్దరూ వచ్చి ఆ చేతికే బేడీలు వేశారు. వ్యాన్ ఎక్కించబోతుంటే అప్పటికి అక్కడికి వచ్చిన మొత్సుమిని చూసి అతను ఆగాడు. ముఖంలో కోపం కంటే నొచ్చుకోవడమే ఎక్కువ ఉంది.

"చెయ్యి చూపించి మోసం చేశావు. ట్రాక్ మీద అలా చెయ్యకూడదు."

"దారి ఇచ్చానుగా సార్. మోసమేముంది?" అన్నాడు మొత్సుమి.

ప్రిటోరియా దారిలో ఇల్సే స్కార్ఫ్ విప్పేసి వెనక సీట్లో పడేసింది. ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆగి, రెండు కప్పుల టీ, నూనెలో వేయించిన వేడి వెట్‌కూక్ బన్నులు కొనుక్కున్నారు. తొమ్మిదేళ్లలో ఎవరూ వెంటపడకుండా తాగిన మొదటి టీ అని ఆమె అంది. మళ్లీ ఎత్తబోతే కప్పు తొణికింది. మొత్సుమి ఆ కప్పు కింద తన చెయ్యి పెట్టాడు.

"నన్ను క్షమించు," అన్నాడు.

"క్షమించాను. కానీ డ్రైవింగ్‌లో పాస్ చెయ్యను," అంది ఇల్సే. "ట్రాక్ మీంచి బయటికి వచ్చేముందు చెయ్యి పైకెత్తాలి. ఎత్తలేదు. మళ్లీ కొత్తవాళ్ల బ్యాచ్‌లోనే కూర్చోవాలి."

"వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు మొత్సుమి అలవాటుగా. అని నాలిక కరుచుకున్నాడు.