పడవల వడ్రంగి గుండె

నబవియ్య మూడంతస్తులు ఎక్కి, రొప్పుతూ ఇస్మత్ ఆఫీసుకు వచ్చింది. హిల్మీ కుర్చీ జరిపి, టీ గ్లాసు చేతికిచ్చాడు. ఆమె తాగలేదు.

"నా మొగుడికి నేను విషం పెడుతున్నానంట మేడమ్. మా మరిది కామిల్ పోలీసులకి కాగితం రాసిచ్చాడు. అన్ఫూషీ పడవల రేవులో పదిమంది ముందూ నన్ను విషపుదాన్ని అన్నాడు. ఆసుపత్రిలో మంచం దగ్గరకి కూడా రానివ్వట్లేదు."

ఇస్మత్ గురాబ్ ఎవరు ఏడ్చినా తొందరపడే మనిషి కాదు. అలెగ్జాండ్రియాలో పాతికేళ్లుగా ప్రైవేటు పరిశోధన చేస్తోంది. ఆమె దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న హిల్మీకి మాత్రం అప్పుడే కోపం నషాళానికి అంటింది. కట్టుకున్నవాడు చావుబతుకుల్లో ఉంటే పెళ్లాన్ని గుమ్మం బయట నిలబెడతారా?

"మొదటి నుంచీ చెప్పు," అంది ఇస్మత్.

నబవియ్య భర్త మెత్వల్లి పడవలు చేసే వడ్రంగి. అయిదు నెలలుగా ఆయాసం, కాళ్ల వాపు. గుండె బిగుసుకుపోతోందని ఆసుపత్రివాళ్లు చెప్పారు. ఎందుకో తేల్లేదు. ఎన్నిసార్లు రక్తం తీసినా అంతా బాగానే ఉందని వచ్చేది.

"ఇంట్లో ఉంటే నీరసం. ఆసుపత్రికి వెళ్లే రోజు మాత్రం కాస్త తేరుకుంటాడు. అందుకే నా వంట మీద అనుమానం."

"వెళ్లే ముందు రోజు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం? మా వీధిలో మందుల షాపు వగ్దీగారు, డాక్టర్‌గారనే పిలుస్తాం, వచ్చి జలుబు సూది వేస్తారు. మూడు మందులు కలిపి వేస్తారుగా, అదే. మెట్లెక్కే ఓపిక ఉండాలంటారు. దేవుడిలాంటి మనిషి."

"ఇంకేమైనా ఇస్తాడా ఆ దేవుడు?"

"మోకాళ్ల నొప్పికి పొడి. ఆయనే కలుపుతారు. ఆర్నెల్లుగా వాడుతున్నాం."

"సూది పడకుండా ఎప్పుడైనా రక్తం తీశారా?"

ఆమె ఆలోచించింది. "ఈద్ అప్పుడు. వగ్దీగారు తంతా అనే ఊరికి వెళ్లారు. ఈయన రేవులో పడిపోతే పక్కనున్న ల్యాబులో తీశారు. ఆ కాగితం చదవమని వగ్దీగారికే ఇచ్చాం. ల్యాబువాళ్లు పొరపాటు చేశారని ఆయనే ఉంచేసుకున్నారు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లిన రెండుసార్లూ ముందు రోజు సూది వేశారు."

హిల్మీకి ఇందులో వింతేమీ కనిపించలేదు. ఆ సూది అతనూ పోయిన చలికాలం వేయించుకున్నాడు. ఊళ్లో ఎవరు వేయించుకోరు గనుక?

మర్నాడు ఇస్మత్ పంపితే ల్యాబుకు వెళ్లి నకలు తెచ్చాడు. వందలో నాలుగైదుకు మించకూడని ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అందులో నలభై ఆరు ఉన్నాయి. ల్యాబు అమ్మాయి ఇంకో మాట చెప్పింది. "ఈద్ అయ్యాక వగ్దీగారు ఫోన్ చేసి, సరిగ్గా లెక్కపెట్టారా అని అడిగారు. రెండుసార్లు లెక్కపెట్టామన్నాను."

ఆ కాగితం చూడగానే, ఆసుపత్రిలో మెత్వల్లిని చూస్తున్న గుండె డాక్టర్ ఇనాస్ ముఖం మారిపోయింది. ఇస్మత్ ఆమెను ఒక్కటే కోరింది: మెత్వల్లికి బయటి సూది, పొడి ఏదీ అందకుండా కాపలా పెట్టి, మళ్లీ పరీక్షలు చేయమని.

వారం తిరిగాక, నబవియ్యతో సహా అందరూ ఆసుపత్రిలో మెత్వల్లి మంచం చుట్టూ చేరారు. కామిల్ వదిన వైపు చూడకుండా నిలబడ్డాడు. వగ్దీ పండ్ల సంచీతో వచ్చాడు. పోలీసు అధికారి తలుపు దగ్గర ఉన్నాడు.

"విషం పెట్టింది ఎవరూ కాదు," అంది ఇస్మత్. "మోకాళ్ల పొడి ఇతని ఒంటికి పడలేదు. రక్తంలో ఆ కణాలు విపరీతంగా పెరిగి గుండెను తినేశాయి. మరి ఆసుపత్రి పరీక్షల్లో ఎందుకు కనబడలేదు? జలుబు సూదిలో కార్టిజోన్ ఉంటుంది. అది పడ్డ కొన్ని గంటల్లో ఆ కణాలు రక్తంలోంచి మాయమవుతాయి. రెండు మూడు రోజుల్లో మళ్లీ వస్తాయి."

"సూది ఆపాక యాభై ఒకటి వచ్చింది," అంది ఇనాస్. "స్కాన్‌లో గుండె లోపలి పొర మందమైంది, గడ్డకట్టిన రక్తం అంటుకుని ఉంది. చిన్న కండ ముక్క తీసి చూస్తే నిండా అవే కణాలు. అవి పెరిగింది పొట్టలో పురుగుల వల్ల కాదని కూడా తేల్చుకున్నాం. ఇప్పుడు పొడి బంద్. గడ్డ కరగడానికి మందు, రోజూ కార్టిజోన్."

"అదే మందా?" అన్నాడు హిల్మీ ఉండబట్టలేక.

"అదే," అంది ఇనాస్. "రోగం తెలిసి రోజూ ఇస్తే వైద్యం. పరీక్షకి ముందు ఒక్క సూది వేస్తే ముసుగు."

వగ్దీ సంచీ కింద పెట్టాడు. "పొడి ఎవరికి పడదో నాకేం తెలుసు మేడమ్? మంచికే ఇచ్చాను."

"నిజమే, తెలియకపోవచ్చు. మొదట్లో సూదులు కూడా అలవాటు కొద్దీ వేశావేమో," అంది ఇస్మత్. ఆమె గొంతు అంత కఠినంగా ఉండగా హిల్మీ ఎప్పుడూ వినలేదు. "ఈద్ కాగితం చూశాక తెలిసింది. ల్యాబుకి ఫోన్ చేసి మరీ తెలుసుకున్నావు. కాగితం దాచి, ఆ తర్వాత రెండుసార్లు సూది వేశావు. నీ పొడి బయటపడకూడదని ఒక మనిషి గుండెను బండబారనిచ్చావు. ఈ ఆడమనిషిని విషపుదంటుంటే వింటూ కూర్చున్నావు. నిన్ను డాక్టర్ అని పిలిచిన నోళ్లు కడుక్కోవాలి."

పోలీసు అధికారి వచ్చి వగ్దీ భుజం మీద చెయ్యి వేశాడు.

"వదినా..." అన్నాడు కామిల్.

"ఆ పిలుపు ఇప్పుడొద్దు," అంది నబవియ్య. "రాసిచ్చిన కాగితం నువ్వే వెళ్లి వెనక్కి తీసుకో. నన్ను విషపుదన్నావే, ఆ రేవులోనే, ఆ పదిమంది ముందే, తప్పయిందని చెప్పు."

కామిల్ తలూపి తలుపు వైపు కదిలాడు.

మంచం మీంచి మెత్వల్లి సన్నగా అడిగాడు. "డాక్టరమ్మా, నేను నడవడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"మునుపటిలా బరువులెత్తలేవు. నెమ్మదిగా నడవడానికైతే రెండు వారాలు."

"అయితే రెండు వారాలు ఆగమనండి వాణ్ని. వాడు చెప్పేటప్పుడు నేను మా ఆవిడ పక్కన నిలబడాలి."