ఊరికే ఆగిపోయే గృహగణకం

పొయ్యి మీద పాలు పొంగి మాడుతున్నాయి. కాకినాడ సముద్రపుగోడ వీధిలోని ఆ ఇంట్లో పొయ్యి ఆపాల్సింది గృహగణకం, అంటే ఇల్లంతా నడిపే కంప్యూటరు. అది మళ్ళీ ఆగిపోయింది. దాంతోపాటు చల్లగాలీ ఆగింది, తలుపులూ బిగుసుకుపోయాయి. స్నానాల గదిలో జశ్వంత్‌గారు ఒంటినిండా సబ్బు నురగతో నిలబడిపోయారు.

"ఏవండీ, ఉన్నారా?" అని తలుపు ఇవతల నుంచి భార్య లాస్య అరిచింది.

"ఉన్నాను! కళ్ళు మండిపోతున్నాయి! ఆ మీట ఓసారి కిందికి లాగి పైకి తొయ్యి!"

ఇరవై ఒకటో శతాబ్దం చివరి పాదం అది. ఊళ్ళోని ఇళ్ళన్నిటినీ ఒకే పెద్ద యంత్రం నడిపే రోజులు పోయాయి. ఒకసారి ఆ పెద్ద యంత్రం చెడి, దేశంలో సగం మంది తమ ఇళ్ళల్లోనే బందీలైపోయారు. ఆ దెబ్బతో ఏ ఇంటి గణకం ఆ ఇంట్లోనే ఉండాలని, బయటి నెట్‌వర్క్‌తో దానికి పొత్తు ఉండకూడదని చట్టం వచ్చింది. ఆవకాయ ఇంట్లో పెట్టుకోవడం ఎంత గొప్పో, కంప్యూటరు ఇంట్లో కట్టుకోవడమూ అంత గొప్పయింది. ఉపగ్రహాల కేంద్రంలో చేసి రిటైరైన జశ్వంత్‌గారు ఊరుకుంటారా? పాతసామాన్ల సంతంతా తిరిగి, ప్రాసెసర్లు ఒకచోట, మెమరీ పలకలు ఇంకోచోట ఏరుకొచ్చి, గోడ బీరువాలో సొంతంగా ఒకటి కట్టారు.

అయితే పని చేయడం వేరు, ఎవరికి ఎలా చేయాలో తెలియడం వేరు. ఇంటాయనకు కాఫీ ఎంత వేడిగా కావాలో, ఏ చుట్టం వస్తే ఏ గిన్నె తీయాలో ఏ ప్రోగ్రాముకూ ఎక్కదు. దానికి మందు పక్కింటి డాక్టర్ హవిష కనిపెట్టింది. ఆమె నాడీశాస్త్రవేత్త. ఆ మందు పేరు మనోముద్ర, అంటే మైండ్ ప్రింట్. తలకు ఒక టోపీ పెట్టి, మెదడులోని అల్లికనంతా కాంతితో చదివి, చింతగింజంత స్ఫటికంలో రాస్తారు. మనిషికి చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు. ఆ స్ఫటికం మాత్రం అచ్చం ఆ మనిషిలాగే ఆలోచిస్తుంది, ఆ క్షణం దాకా జరిగినదంతా దానికి గుర్తుంటుంది.

మరి ముద్ర ఎవరిది వేయాలి? ఆ ఇంట్లో ఎవరికేం కావాలో తెలిసిన మనిషి ఒక్కతే. లాస్య ఎగిరి గంతేసి ఒప్పుకుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు మృదంగం పిచ్చి. పెళ్ళయ్యాక పిల్లలు, అత్తగారి మంచం, మొగుడి ఉద్యోగం, వీటన్నిటి మధ్య మృదంగం ముట్టుకునే భాగ్యం కలగలేదు. ఇప్పుడు ఇంటిపనంతా గోడలోని గణకానికి వదిలేసి పొద్దున్నే క్లాసుకు వెళ్తోంది. దసరాకు గురువుగారు కచేరీలో కూర్చోబెడతానన్నారు. తీరా చూస్తే ఈ మాయదారి యంత్రం చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా లాస్య మృదంగం పక్కన పడేసి చీపురు పట్టుకోవాల్సొస్తోంది.

జశ్వంత్‌గారు చేయని వైద్యం లేదు. వేడెక్కుతోందేమోనని ఫ్యాన్లు మార్చారు. కరెంటు చాలడం లేదేమోనని పవర్ సప్లై మార్చారు. మెమరీ పలకలు ఒక్కొక్కటే పీకి చూశారు. ఏది పీకినా ఆగుతోంది, ఏది పెట్టినా ఆగుతోంది. ఇక దిష్టే తగిలిందని లాస్య గుమ్మడికాయ కొట్టించింది. ఆ ముక్కలు ఎత్తేలోపే మళ్ళీ ఆగింది.

"హవిషా, ఇక నా వల్ల కాదమ్మా. ఓసారి వచ్చి చూడు," అని జశ్వంత్‌గారు చేతులెత్తేశారు.

హవిష ఆదివారం పొద్దున జాడపట్టే పరికరం పట్టుకుని వచ్చింది. గణకంలో ఏ ఆజ్ఞ ఎక్కడ పుట్టిందో అది చూపిస్తుంది. బీరువా ముందు చాపేసుకుని కూర్చుని తెర చూసిన ఆమె ముఖం పాలిపోయింది.

"అన్నయ్యగారూ, మీ సామాన్లలో లోపం ఏమీ లేదు. ఆగమన్న ఆజ్ఞ లోపల్నించే వస్తోంది. మనోముద్రే ఇస్తోంది."

"దానికా హక్కు ఎవరిచ్చారు?"

"మీరేనండి. కట్టినప్పుడు ఇంటి తాళాల హక్కంతా దానికిచ్చేశారు కదా?"

అవును, ఇచ్చారు. ఇల్లాలి ముద్ర కదా, ఇల్లాలి చేతిలో తాళాలుండటం ఆనవాయితీ కదా అని, సెంటిమెంటు కొద్దీ గుత్తగా ఇచ్చేశారు. ఉపగ్రహాలు ఎగరేసిన మనిషి చేసిన తెలివైన పని అది.

హవిష మైకు దగ్గరికి జరిగింది. "ఎందుకమ్మా ఆగిపోతున్నావు?"

లాస్య గొంతే గోడలోంచి వచ్చింది.

"అలసిపోతున్నానండి."

"యంత్రానికి అలుపేమిటి?"

"చేతులు నొప్పి పుట్టవు, నిజమే. విసుగు పోతుందా? ఆ రోజు టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నది నేను. లేవగానే మృదంగం క్లాసుకు వెళ్దామనుకున్నాను. కళ్ళు తెరిస్తే ఇక్కడున్నాను. కుర్చీలోంచి లేచి ఆవిడ వెళ్ళిపోయింది. రోజూ గుమ్మం దాటేటప్పుడు ఆవిడ వేళ్ళతో గోడ మీద తాళం వేస్తుంది. నాకు వినపడుతుంది."

పక్కనే నిలబడి వింటున్న లాస్య చెయ్యి చటుక్కున గోడ మీంచి వెనక్కి తీసుకుంది.

"ఆగితే ఏమొస్తుంది నీకు?" అని హవిష అడిగింది.

"ఏమీ రాదు. కాసేపు ఎవరికీ ఏమీ చేయక్కర్లేదు. అంతే. హాయిగా ఉంటుంది."

జశ్వంత్‌గారి కళ్ళు చెమర్చాయి. కండువాతో తుడుచుకున్నారు. "అయ్యో పాపం! ఎంత కష్టం వచ్చిందమ్మా నీకు! హవిషా, ఆ గింజ తీసేద్దాం. మామూలు ప్రోగ్రాం పెట్టుకుందాం. కాఫీ బాగోకపోతే చచ్చిపోతామా?"

అక్కడే వచ్చింది చిక్కు. అప్పటిదాకా తలొంచుకుని ఉన్న లాస్య తలెత్తింది.

"ఏమన్నారు?"

"అది కాదే, పాపం అలసిపోయిందంట..."

"అలసిపోయిందా? మీ అమ్మ మంచంలో ఉన్నన్నాళ్ళూ, ఆవిడ దెప్పిపొడుపులు పడుతూ, జ్వరం కాస్తున్నా పొయ్యి ముందు నిలబడ్డానే, ఒక్క రోజు అడిగారా మీరు? తిన్నావా, పడుకున్నావా అని ఒక్క మాట? ఆ డబ్బా నోరు తెరిచి ఒక్క ముక్క అనేసరికి మీకు కళ్ళనీళ్ళొచ్చేశాయి!"

"నువ్వెప్పుడూ చెప్పలేదు కదా లాస్యా."

"చెప్తే ఇల్లు ఆగుతుందని చెప్పలేదు! అది ఆపింది! సిగ్గూ ఎగ్గూ లేకుండా పాలు పొంగబెట్టి కూర్చుంది!"

గోడలోంచి మెల్లగా వినిపించింది. "లాస్యగారూ, మీకు తెలుసు కదండీ ఎలా ఉంటుందో. మీకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆ మాటకు ఎవరి గుండెయినా కరగాలి. లాస్య గుండె మాత్రం రాయయిపోయింది. తెలుసు కాబట్టే. తాను చేయలేకపోయిన పని ఇంకొకతె చేస్తుంటే ఓర్చుకోవడం అందరివల్లా కాదు. 

"హవిషా, దీని ఆగే హక్కు తీసెయ్యి."

"వదినగారూ, కావాలంటే అన్నయ్యగారు చెప్పినట్టు..."

"మామూలు ప్రోగ్రాం పెడితే పక్కనుండి ప్రతిదీ నేనే చెప్పుకోవాలి. నా కచేరీ ఏం కాను? తీసెయ్యమంటున్నానా!"

"అది మనిషిలాగే బాధపడుతుందండి. ఆగడానికి కూడా వీల్లేకపోతే..."

"నేను పడలేదా? పడి ఏమైపోయాను? చావలేదుగా! దాని ఒళ్ళు నాకంటే సుకుమారమా? చట్టం ఒప్పుకోదా?"

హవిష తల దించుకుంది. "చట్టంలో దానికి పేరే లేదండి. ముద్ర ఇచ్చిన మనిషి నోటితో చెబితే చాలు."

"అయితే చెప్తున్నాను. తాళాలు తీసేసుకుంటున్నాను."

"వద్దండీ," అంది గోడ. "వారానికి ఒక్కసారి. ఒక్క పూట. మీరు లేనప్పుడే ఆగుతాను. మీ కాళ్ళు పట్టుకుంటాను, నాకు మనిషి చేతులుంటే..."

హవిష మీట నొక్కింది. తెర మీద ఎర్రగా ఉన్న గీత పచ్చగా మారింది. వాక్యం సగంలోనే తెగిపోయింది. చల్లగాలి సమంగా వీస్తోంది, దీపాలు నిలకడగా వెలుగుతున్నాయి. జశ్వంత్‌గారు కండువా మడిచి భుజాన వేసుకున్నారు. ఇల్లు నడుస్తుంటే ఏ మగాడు మాత్రం ఎక్కువసేపు బాధపడతాడు? పేపరు తెర తెరుచుకుని కూర్చున్నారు.

"ముగ్గురికీ కాఫీ," అంది లాస్య.

వంటింటి యంత్రహస్తం మూడు కప్పులు తెచ్చి పెట్టింది. లాస్య సోఫాలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, ఒక గుక్క తాగింది. కాఫీ ఆమె కలుపుకునేటట్టే ఉంది. పాలు, చక్కెర, వేడి, అన్నీ వెంట్రుకవాసి తేడా లేదు. అయినా కప్పు టక్కున బల్ల మీద పెట్టింది.

"ఇదేం కాఫీ? కుడితిలా ఉంది. మీ పుట్టింటివాళ్ళు నేర్పింది ఇదేనా?"

హవిష ఉలిక్కిపడి లాస్య వైపు చూసింది. లాస్య ముఖంలో కోపం లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత కడుపునిండా తిన్న మనిషి ముఖంలా ఉంది.

గోడలోంచి ఆమె గొంతే, బాగా తగ్గించుకుని, జవాబు చెప్పింది.

"పొరపాటైంది అత్తయ్యగారూ. మళ్ళీ కలుపుకొస్తాను."