బాబాయ్ కుట్టిన రెండో బ్యాగు

సెంట్రల్ స్టేషన్‌లో బాంబు పేలిన మర్నాడు పొద్దున, పెద్దాయన ఆమెను తన గదిలోకి పిలిచి, తలుపు తనే వేసి, "కూర్చో అమ్మా" అన్నాడు.

పెద్దాయన గూఢచారి విభాగానికి అధిపతి. ఆయన నోట "అమ్మా" అన్న మాట వచ్చిందంటే ఎవరి కొంపో మునగబోతోందని ఆ భవనంలో లిఫ్టుకి కూడా తెలుసు. ఆమె కూర్చుంది. టేబుల్ మీద పేలుడికి కాస్త ముందు తీసిన సీసీ కెమెరా ఫొటో ఒకటి ఉంది. ప్లాట్‌ఫాం బెంచీ కింద ఆకుపచ్చ బ్యాగు. దాని పట్టీ దగ్గర నీలం దారంతో ముచ్చటగా వేసిన కుట్టు.

"ఈ ఫొటో టీవీలకి మనమే ఇచ్చాం. ఎవరైనా గుర్తుపడతారని. నీ గ్రూపు వాళ్ళు గుర్తుపట్టేశారు."

"చూశాను సర్."

ఆమె గ్రూపు పేరు 'భుజబలం'. బ్యాగుల పిచ్చివాళ్ళ ఆన్‌లైన్ గ్రూపు. జిప్పు మంచిదా, బకిల్ మంచిదా అని రెండు వర్గాలుగా చీలి, ముఖాలు చూసుకోని దాయాదుల్లా పోట్లాడుకునే జనం. అందులో ఎవరో పరాయి దేశపు ముఠా కోసం మనుషుల్ని ఏరుతున్నారని మూడేళ్ళ కిందట కబురొస్తే, విభాగం ఈమెను అడ్మిన్‌గా లోపలికి దింపింది. నోరు జారినవాడికల్లా ఆమె చీవాట్లు పెట్టేది. చివరికి సభ్యులంతా కలిసి 'అత్తగారు' అని పేరు పెట్టేశారు. పెళ్ళే కాని మనిషికి వేలమంది అల్లుళ్ళు, కోడళ్ళు! ఎంత రచ్చ జరుగుతున్నా ఆమె వచ్చి "ఇక చాలు" అని రాసిందంటే అక్కడితో చర్చకి తాళం పడేది. మళ్ళీ ఎవరూ కిక్కురుమనేవాళ్ళు కాదు.

"కుట్టు దర్జీ బాబాయ్‌దే సర్" అంది ఆమె. "కానీ ఆయన గ్రూపులో అందరి బ్యాగులూ కుడతాడు. చిరిగింది కొరియర్లో పంపితే బాగుచేసి తిరిగి పంపుతాడు. ఊరికే. ఆ నీలం దారం నా బ్యాగు మీదా ఉంది."

"మరి ఆ సంగతి వాళ్ళకి తెలీదా?"

"అందరికీ తెలుసు. ఎవరూ తలుచుకోవడం లేదు."

నిజమే. నిన్న సాయంత్రం గ్రూపంతా కొవ్వొత్తుల బొమ్మలు, కన్నీళ్ళు. ఒకామె బావగారు ఆ వేళకి స్టేషన్‌లోనే ఉన్నాడు, ఫోనెత్తడం లేదని రాస్తే వందలమంది ఆమెకి ధైర్యం చెప్పారు. రక్తదానానికి రమ్మని పిలుపిచ్చారు. మంచివాళ్ళే, సందేహం లేదు. తెల్లారేసరికి ఏడుపు ఎండిపోయి కోపం మిగిలింది. మనమూ దేశం కోసం ఏదో ఒకటి చెయ్యాలి అన్నారు. ఫొటో రాగానే ఒకడు కుట్టు గుర్తుపట్టాడు. వాళ్ళకి బాగా తెలిసిన విద్య అదొక్కటే కదా! కుట్టింది ఎవరో తేలగానే, మోసింది ఎవరన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

ఆ మంట మీద నెయ్యి పోసింది నెమలి.

నెమలి ఆ గ్రూపుకి అందాల రాణి. ఎప్పుడూ ఏదో విమానాశ్రయంలో, నల్ల కళ్ళద్దాలతో, భుజాన కొత్త బ్యాగుతో ఫొటో పెడుతుంది. ఈ పొద్దున ఫొటో లేకుండా నాలుగు ముక్కలు రాసింది. "నిన్న స్టేషన్‌లో బాబాయ్‌ని చూశాను. చేతిలో ఆకుపచ్చ బ్యాగుంది. చెప్పాలా వద్దా అని రాత్రంతా నిద్ర పట్టలేదు."

"ముఠా మనిషి ఈవిడే" అన్నాడు పెద్దాయన, కళ్ళద్దాలు టైతో తుడుచుకుంటూ. "ఆ బ్యాగు ఎవరు కుట్టించారో బాబాయ్‌కి తెలుసు. అందుకే ఆయన మీదికి జనాన్ని తోలుతోంది. మూడేళ్ళలో మొదటిసారి బయటపడింది. ఎక్కడ కూర్చుని రాస్తోందో ట్రేస్ చేస్తున్నాం. అది పూర్తయ్యేదాకా ఆవిడ ఆన్‌లైన్‌లో ఉండాలి. నువ్వు తాళం వెయ్యకు అమ్మా."

"వాళ్ళు ఆయన అడ్రసు పెట్టేస్తారు సర్."

"పెట్టనీ. పోలీసు జీపు వెళ్ళినా నెమలికి తెలిసిపోతుంది. నువ్వొక్కదానివే మారువేషంలో వెళ్ళి ఆయన్ని తీసుకురా."

ఆమె లేచింది. ఇది న్యాయం కాదని గట్టిగానే అనిపించింది. అయినా పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో పెద్దాయన మాటకి ఎదురు చెప్పడం అలవాటు కాలేదు.

నెరిసిన విగ్గు, తెల్లకోటు, జేబులో థర్మామీటరు: కారెక్కేసరికి ఆమె రిటైర్మెంటుకి దగ్గరపడ్డ నర్సు. చెవిలో వినికిడి మిషన్ లాంటి పరికరం పెట్టుకుంది. గ్రూపులో ఎవరేం రాసినా అది ఎప్పటికప్పుడు చదివి వినిపిస్తుంది; పెద్దాయనతో మాట్లాడేదీ అందులోనే. ల్యాబు కుర్రకారుకి ఏం బుద్ధి పుట్టిందో గాని, దానికి రైల్వే అనౌన్సర్ లాంటి తియ్యని గొంతు పెట్టారు.

"వాడి దుకాణం పాత బజారులో, రంగుల షాపు పక్క సందు" అంది తియ్యని గొంతు. "నాకు పార్శిల్ అక్కడి నుంచే వచ్చింది." మరో సభ్యుడు: "షట్టర్ ఎర్రగా ఉంటుంది." ఇంకొకరు: "మనమంతా వాణ్ణి బాబాయ్ అని పిలిచాం. తలుచుకుంటే కడుపు రగిలిపోతోంది." ఇంకొకరు: "పోలీసులకి వదలకండి. వాళ్ళు వదిలేస్తారు."

ఆమె బొటనవేలు ఫోను మీద ఉంది. రెండు మాటలు. టైపు చేసింది కూడా. పంపలేదు.

"సర్, ట్రేస్ అయిందా?"

"ఇంకొంచెం అమ్మా" అన్నాడు పెద్దాయన లైను అవతలి నుంచి.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. "మేం నలుగురం బయల్దేరాం" అంది తియ్యని గొంతు. "మేమూ." "లైవ్ పెట్టండి." ఆ గొంతుని పీకి పారెయ్యాలనిపించింది. "సర్?" అంటే, "ఇంకొంచెం."

పాత బజారు మొదట్లో పేపర్ల బంకు విభాగం మనిషిది. ఆమె పేపరు తిరగేస్తూ కోడ్ అడిగింది. "గొడుగులు బాగుచేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"వాన మొదలయ్యాక అడిగితే ఏం లాభం" అని అతను కోడ్‌కి జవాబు చెప్పి, తల దించుకుని, "ఆలస్యమైందక్కా. వెళ్ళండి" అన్నాడు.

సందు నిండా జనం. కుట్టు మిషన్ రోడ్డు మధ్య బోర్లా పడి ఉంది. రంగురంగుల జిప్పులు, పట్టీలు కాళ్ళకింద నలుగుతున్నాయి. "నర్సుని, దారివ్వండి" అని అరుస్తూ ఆమె మోచేతులతో పొడుచుకుంటూ వెళ్ళింది. ముందు వరసలో ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు ఫోన్ ఎత్తి లైవ్ ఇస్తున్నాడు. భుజాన వేలాడుతున్న బ్యాగు పట్టీకి నీలం దారం కుట్టు ఉంది. అతను దాన్ని సర్దుకుని ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

దర్జీ బాబాయ్ దుకాణం మెట్ల మీద పడి ఉన్నాడు. తల భార్య ఒళ్ళో ఉంది. ఆవిడ ఏడవడం కూడా మానేసి, కొంగుతో ఆయన చెవి దగ్గర అదిమి పట్టుకుంది. కాలేజీ చదువుతున్న కూతురు అంబులెన్సుకి ఫోన్ చేస్తూ సందు పేరు పదేపదే చెబుతోంది.

ఆమె పక్కన కూలబడి, చెవి దగ్గరగా వంగి, "బాబాయ్, నేను. భుజబలం అత్తగారిని" అంది.

మూడేళ్ళ ముసుగు పోయింది. పోతే పోయింది.

బాబాయ్ కళ్ళు తెరిచాడు. ఎప్పుడూ చూడని మనిషి, అయినా నమ్మాడు. లేచి కూర్చోబోయాడు, మర్యాదకి. "వచ్చారా అమ్మా... మీరొక్క మాట చెప్పండి వాళ్ళకి. మీరు చెబితే వింటారు."

వింటారు. వినేవాళ్ళు. పొద్దున్నే వినేవాళ్ళు.

"ఆకుపచ్చ బ్యాగు ఎవరిది బాబాయ్?"

"నెమలమ్మది. అడుగున ఇంకో పొర కుట్టమంది. ఇట్లాంటివి రెండు. రెండోదానికి పైన తెల్లగుడ్డ వేసి... ఎర్ర గుర్తు కుట్టమంది. ఫస్ట్ ఎయిడ్ బ్యాగట. మంచి పనే కదా అని... పొద్దుపోయేదాకా కూర్చుని కుట్టాను."

ఆమెకి వెంటనే తట్టింది. పెద్దాసుపత్రి హాల్లో రక్తదాన శిబిరం. స్టేషన్ బాధితుల కోసం భుజబలం వాళ్ళే పెట్టింది. నిన్న సాయంత్రం ఆ ఆలోచన ముందు చెప్పింది నెమలి! నెత్తురివ్వడానికి వచ్చినవాళ్ళ మధ్య ఫస్ట్ ఎయిడ్ బ్యాగు ఉంటే ఎవరికి అనుమానం?

"వెళ్ళండమ్మా" అంది బాబాయ్ భార్య. ఎందుకో ఏమిటో ఆవిడకి తెలీదు. ఈవిడ మొహం చూసి అంది, అంతే.

ఆమె సందు బయటికి పరిగెత్తుతూ రెండో బ్యాగు సంగతి చెప్పి, బాంబు నిపుణుణ్ణి చడీచప్పుడు లేకుండా ఆసుపత్రి వెనక నీళ్ళతొట్టి దగ్గరికి పంపమంది. చెవిలో పెద్దాయన గొంతు వినిపించింది. "పంపుతున్నాను. నెమలి దొరికింది. హోటల్ రూములో ఉంది. మనవాళ్ళు తలుపు దగ్గరున్నారు. ఇప్పుడు తాళం వేసుకోవచ్చు అమ్మా."

ఆమె నొక్కింది. "ఇక చాలు." గ్రూపు ఠక్కున నిశ్శబ్దమైపోయింది. ఎవరూ కిక్కురుమనలేదు.

పెద్దాసుపత్రి హాలు పెళ్ళివారి విడిదిలా కళకళలాడుతోంది. చేతికి దూది అదుముకున్నవాళ్ళు ఒకరికొకరు జ్యూసు అందించుకుంటున్నారు. ఇన్నాళ్ళూ పేర్లతోనే తెలిసినవాళ్ళని మొదటిసారి చూసి నవ్వుకుంటున్నారు. హాలు ఖాళీ చేయించడానికి వీల్లేదు. బయట ముఠావాడు ఎవడైనా రిమోట్ పట్టుకుని కాపు కాస్తుంటే అంతే సంగతులు. ఆమె నర్సు నడక నడుచుకుంటూ బల్లలన్నీ చూసుకొచ్చింది. మూడో బల్ల కింద, గుడ్డ చాటున, తెల్ల బ్యాగు. ఎర్ర గుర్తు. చుట్టూ నీలం దారం, ఒక్క పోగు తప్పకుండా.

ఎత్తింది. ఫస్ట్ ఎయిడ్ బ్యాగు అంత బరువుండదు.

"ఏమండీ, అది మా గ్రూపుది" అడ్డొచ్చింది ఒక వాలంటీరు. "నెమలిగారు పంపారు. అడక్కుండా తీసుకుపోతే ఎలా?"

"పై వార్డులో దూది అయిపోయింది తల్లీ. ఇప్పుడే తెచ్చిస్తా."

"మర్చిపోకండి మరి" అంది ఆ పిల్ల, నొచ్చుకుంటూనే.

హాలు దాటి, వంటగది పక్కనుంచి, బట్టలుతికే షెడ్డు వెనకున్న ఎండిన నీళ్ళతొట్టి దాకా ఆమె నడిచింది. పరిగెత్తలేదు. అక్కడ బాంబు నిపుణుడు సగం తొడుక్కున్న సూటుతో తొట్టిలోకి దిగి ఉన్నాడు. బ్యాగు అడుగు కోశాడు. కుట్టు గట్టిగా ఉంది, కత్తెరకి తెగలేదు. తిట్టుకుంటూ బ్లేడు తీశాడు. లోపలి గడియారం తుది అంకెలకి వచ్చేసింది. తీగ తెగింది. గడియారం ఆగింది. నిపుణుడు తొట్టిగోడకి వీపు ఆన్చి, "ఇంకో గుక్క నీళ్ళు తాగి వచ్చుంటే..." అన్నాడు.

హాల్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. అప్పుడే పెద్దాయన చెప్పాడు. బాబాయ్ అంబులెన్సులోనే పోయాడు.

నెమలిని ఆ మధ్యాహ్నమే చూసింది ఆమె. కిటికీ లేని గదిలో, నల్ల కళ్ళద్దాలు బల్ల మీద పెట్టి, కాఫీ తాగుతోంది. ఫొటోల్లో కన్నా అందంగా ఉంది.

"మీరేనా అత్తగారు? చిన్నవారే" అంది. "నామీద అంత కోపమెందుకండీ? నేను రాసింది నాలుగు ముక్కలు. అడ్రసు నేను పెట్టలేదు. చెయ్యి నేను చేసుకోలేదు. అంతా మన వాళ్ళే."

ఆమె లాగి ఒక్కటి కొట్టాలనుకుంది. కొట్టలేదు. నెమలి చెప్పింది అబద్ధం కాకపోవడమే ఆమెను నిలబెట్టేసింది. తాళంచెవి మూడేళ్ళుగా ఎవరి చేతిలో ఉందో కూడా ఆమెకి తెలుసు.

బయట వరండాలో పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. "ఇక మీదట నెమలి మన మనిషి. ఒప్పుకుంది. వాళ్ళ పై వాళ్ళు ఆవిణ్ణి నమ్మాలంటే, ఆవిడ దర్జీ మీద పన్నింది పారిందని వాళ్ళు అనుకోవాలి. కాబట్టి స్టేషన్ కేసులో దోషి దర్జీయే. రెండోది దానంతటదే పేలలేదని వాళ్ళకి నెమలి చెబుతుంది; జనం వరకు రెండో బ్యాగు అసలు లేనే లేదు."

"ఆయన భార్యకి ఏం చెప్పాలి సర్?"

"ఏం చెప్పొద్దు."

"కూతురు?"

"దాని గురించే పిలిచాను" అన్నాడు. "గ్రూపు తెరువు అమ్మా."

ఆమె తాళం తీసింది. అప్పటిదాకా ఆగి ఉన్నవన్నీ కట్ట తెగినట్టు వచ్చి పడ్డాయి. మన గ్రూపే పట్టించింది, గర్వంగా ఉంది అని ఒకరు. రక్తదానంలో దిగిన ఫొటోలు. బావగారు క్షేమంగా ఇంటికొచ్చాడట, ఆయనకి శుభాకాంక్షలు. వాటన్నిటి మధ్యా దర్జీ బాబాయ్ ఖాతా నుంచి ఒక పోస్టు.

"నేను వాళ్ళమ్మాయిని. మా నాన్న నిన్నంతా దుకాణంలోనే ఉన్నారు. మీలో ఎవరి బ్యాగైనా తీసి చూడండి, ఆ కుట్టు ఉంటుంది. అత్తగారూ, మీరు మా దుకాణానికి వచ్చారు. నాన్న చెప్పింది మీరు విన్నారు. ఒక్క మాట చెప్పండి."

కింద అప్పుడే రాళ్ళు పడడం మొదలైంది. అబద్ధాలకోరు. తండ్రికి తగ్గ కూతురు. దీన్ని ఇంకా ఎందుకుంచారు?

"ఆ ఖాతా తీసెయ్ అమ్మా" అన్నాడు పెద్దాయన మెల్లగా.

రాజీనామా చేద్దామనుకుంది. నిజం రాసేద్దామనుకుంది. రాస్తే ఎవరు నమ్ముతారు? తమ చేతులకి అంటింది ఏమిటో తెలుసుకోవాలని ఆ వేలమందిలో ఒక్కరికైనా ఉందా? ఉందనుకోవడానికి ఆమెకి ఒక్క కారణమూ దొరకలేదు. తొలగించాలా అని తెర అడిగింది. వేలు ఆనించింది. పిల్ల రాసిన ముక్కలు, తండ్రి పేరు, ఆయన బాగుచేసిన బ్యాగుల ఫొటోలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

క్షణంలో ఎవరో రాశారు. "థాంక్యూ అత్తగారూ. మీరుండబట్టే ఈ గ్రూపు ఇంత పద్ధతిగా ఉంది."

ఆ మాటకి ఎడాపెడా లైకులు పడ్డాయి. అన్నిటికన్నా ముందు కొట్టింది మన మనిషే, నెమలి.